సైన్సు చెప్పాలంటే కుండ దగ్గర మొదలుపెట్టండి

బడిలోనో, రచ్చబండ దగ్గరో నలుగురిని కూర్చోబెట్టి రోజూ చూసే విషయాల వెనక సైన్సు చెప్పాలనుకుంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి: కారణం ముందే చెప్పేయకండి. ఏమవుతుందో ముందు వాళ్ళ నోటితోనే చెప్పించి, చేసి చూపించి, ఆ తర్వాత నోరు విప్పండి. 'బాష్పీభవనం' అంటూ మొదలుపెడితే వెనక కూర్చున్నవాళ్ళు ఫోన్లు బయటికి తీస్తారు.

మన వైపు రోహిణీ కార్తె ఎండలకి రోళ్ళు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో కుండని మించిన పాఠం లేదు. వడగాలి కొట్టే రోజున ఇలా అడగండి: సముద్రానికి దూరంగా ఉన్న పొదిలిలో ఎండ ఎక్కువా, సముద్రం ఒడ్డున కొత్తపట్నంలోనా? అందరూ పొదిలి అంటారు. మరి కుండలో నీళ్ళు ఎక్కడ బాగా చల్లబడతాయి? ఇక్కడ వాదన మొదలవుతుంది, కాసేపు జరగనివ్వండి.

'మట్టికే ఆ గుణం ఉందండీ' అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కాదనకండి, పరీక్ష పెట్టండి. ఒకే సైజు కొత్త కుండలు రెండు తెచ్చి, రాత్రంతా నానబెట్టి, ఒకే బిందెలోంచి సమానంగా నీళ్ళు పోయండి. ఒకదానికి చుట్టూ, అడుగున కూడా ప్లాస్టిక్ కవర్ బిగించి కట్టండి. రెండింటికీ మూత పెట్టి, గాలి ఆడే నీడలో ఉంచి, కాటా మీద తూచి బరువు రాసుకోండి. సాయంత్రం మళ్ళీ తూచి, నీళ్ళ వేడి కొలవండి (జ్వరం చూసే థర్మామీటర్ పనికిరాదు, బడి ల్యాబ్‌లో ఉండే గాజుది కావాలి). కవర్ కట్టిన కుండ బరువు పెద్దగా తగ్గదు, నీళ్ళు కూడా అంతగా చల్లబడవు. రెండోది తేలికవుతుంది, చల్లగా ఉంటుంది. మట్టి రెండింటిదీ ఒకటే, మరి తేడా ఎక్కడ వచ్చిందో వాళ్ళనే చెప్పమనండి.

ఇప్పుడు కారణం చెప్పండి. కుండ గోడలోని సన్నటి రంధ్రాల గుండా నీరు బయటికి చెమర్చి ఆవిరవుతుంది, ఆవిరి కావడానికి కావలసిన వేడిని కుండ నుంచి, లోపలి నీళ్ళ నుంచి లాక్కుంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి దాదాపు 580 క్యాలరీల వేడి కావాలి (ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ వేడెక్కించేదే ఒక క్యాలరీ). అంటే 10 లీటర్ల కుండలోంచి 100 మిల్లీలీటర్లు పోతే చాలు, బయటి వేడి లోపలికి రాకపోతే మిగతా నీళ్ళు 5 డిగ్రీలకు పైగా చల్లబడాలి. బయటి వేడి ఎలాగూ వస్తూనే ఉంటుంది కాబట్టి అంత తగ్గదు, ఆ మాట కూడా దాచకుండా చెప్పండి, లెక్కకీ కొలతకీ తేడా ఎందుకొచ్చిందని పిల్లలే అడుగుతారు.

పొదిలి ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. పొడిగాలి ఆవిరిని త్వరగా తీసుకుంటుంది. సముద్రపు గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది, అందుకే ఒడ్డున కుండకి అంత పని జరగదు, మనకి ఒళ్ళు ఆరక ఉక్కపోస్తుంది. నమ్మకపోతే ఫ్యాన్ కింద రెండు థర్మామీటర్లు వేలాడదీయండి, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టండి. తడిది దిగుతుంది, పొడిది దిగదు. ఫ్యాన్ గాలిని చల్లబరచదని కళ్ళారా చూసినప్పుడు పెద్దవాళ్ళు కూడా లేచి దగ్గరికొస్తారు, నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే.

ఉప్పునీళ్ళ ఊళ్ళలో పాత కుండ ఎందుకు పనిచేయదని అడుగుతారు. లవణాలు పేరుకుని రంధ్రాలు మూసుకుపోతాయి, అంతే.

శ్రీహరికోట రాకెట్‌కీ ఇదే పద్ధతి. మోత ఎప్పుడు వినిపిస్తుందో ముందు చెప్పించి, మంట కనిపించగానే లెక్కపెట్టమనండి, శబ్దం కిలోమీటరుకి సుమారు 3 సెకన్లు తీసుకుంటుంది, 15 కిలోమీటర్ల దూరంలో ఉంటే ముప్పావు నిమిషం.

చివర్లో ఎవరైనా 'మా నెల్లూరులో కూలర్ పెడితే ఒళ్ళు జిగటగా ఉంటుందేం?' అంటే, ముందు కిటికీ తెరిచారా అని అడగండి. మూసిన గదిలో కూలర్ తేమని నింపుతూ పోతుంది, అది బయటికి పోయే దారి ఉండాలి. తెరిచినా సముద్రపు గాలి తిరిగిన సాయంత్రం పెద్ద తేడా ఉండదు, అప్పుడు నీళ్ళ మోటారు ఆపి ఫ్యాన్ ఒక్కటే తిప్పమనండి.