ఫోర్జ్‌డ్ ఐరన్లు మొండికేస్తే: లక్షణం, కారణం, మరమ్మతు

గోల్ఫ్‌లో వాడే ఫోర్జ్‌డ్ ఐరన్ల (ఉక్కును సాగగొట్టి మలిచిన హెడ్ ఉన్న క్లబ్బుల) మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి హెడ్‌లోని ఉక్కుతో పనే ఉండదు. తప్పు బంతిలోనో, షాఫ్ట్ (క్లబ్ కర్ర)లోనో, గ్రిప్ (పిడి)లోనో, లాఫ్ట్ (బంతిని కొట్టే ముఖం వెనక్కి వాలిన కోణం) జరిగిపోవడంలోనో ఉంటుంది. అందుకే ఖర్చులేని పరీక్షలు ముందు చేసి, వర్క్‌షాప్ దాకా వెళ్లాల్సినవి చివరికి ఉంచాలి.

మొదట మీ చేతిలో ఉన్నది ఏ రకమో తేల్చుకోండి. సంప్రదాయ ఫోర్జ్‌డ్ హెడ్ 1020 లేదా 1025 కార్బన్ స్టీల్‌ది. అంటే కార్బన్ సుమారు 0.20 - 0.25 శాతం. జపాన్ తయారీల్లో ఇదే ఎస్20సి, ఎస్25సి పేర్లతో కనిపిస్తుంది. పోత పోసిన హెడ్లలో ఎక్కువగా వాడేది 431, 17-4 స్టెయిన్‌లెస్. కార్బన్ స్టీల్ మెత్తన కాబట్టి కావలసిన కోణానికి వంచుకోవచ్చు. అదే మెత్తదనం వల్ల అది మనం అడక్కుండానే వంగుతుంది, సొట్టలూ పడుతుంది. కింద చెప్పే సగం సమస్యలు ఇక్కడి నుంచే పుడతాయి. ఇక టేలర్‌మేడ్ పి790 లాంటి బోలు ఐరన్లలో ఫోర్జ్ చేసింది ఫేస్ (బంతిని కొట్టే ముఖం) మాత్రమే, బాడీ పోత. వాటికి వంపు నియమాలు వేరు.

దిశల గురించి చెప్పినవన్నీ కుడిచేతి ఆటగాళ్లకు. ఎడమచేతివాళ్లు తిరగేసి చదువుకోవాలి.

మెత్తగా ఉంటుందన్నారు, చేతికి మాత్రం జిల్లుమంటోంది

ముందు బంతి ఫేస్ మీద ఎక్కడ తగులుతోందో చూడండి. ఫేస్ అంతా వైట్‌బోర్డ్ మార్కర్‌తో రుద్ది, లేదా పల్చగా టాల్కమ్ పౌడర్ అద్ది, పది బంతులు కొట్టండి. తగిలిన ప్రతిచోటా గుర్తు పడుతుంది. గుర్తులన్నీ కింది రెండు మూడు గ్రూవ్‌ల (ఫేస్ మీది అడ్డగీతల్లాంటి గాడుల) దగ్గరే ఉంటే అది థిన్ షాట్. ఏ ఉక్కయినా అక్కడ తగిలితే జిల్లుమంటుంది. టో (హెడ్ బయటి కొస) వైపు చెల్లాచెదురుగా ఉంటే, బ్లేడ్‌లో (వెనక గుంట లేని పల్చని హెడ్‌లో) అంచులకు బరువు పంచి ఉండదు కాబట్టి హెడ్ మెలితిరుగుతుంది, ఆ మెలిక చేతికి తెలుస్తుంది. క్యావిటీ బ్యాక్ (వెనక గుంట ఉన్న హెడ్ల) సెట్ ఇన్నాళ్లూ ఇవే తప్పులను కప్పిపుచ్చి ఉండొచ్చు. సెట్ మొత్తం మార్చనక్కర్లేదు. 8 నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా బ్లేడ్, 4 నుంచి 7 దాకా అదే కంపెనీ ఫోర్జ్‌డ్ క్యావిటీ కలిపి ఆడేవాళ్లు ప్రొఫెషనల్ టూర్‌లోనూ ఉన్నారు.

గుర్తులు ఫేస్ మధ్యలోనే గుంపుగా ఉన్నాయా? అప్పుడు బంతిని అనుమానించండి. రేంజ్ (ప్రాక్టీస్ మైదానం) బంతులు గట్టి రెండు పొరలవి. వాటితో ఫోర్జ్‌డ్ ఐరన్ స్పర్శను అంచనా వేయడం దండగ. యురెథేన్ కవర్ ఉన్న బంతితో అదే షాట్ కొట్టి చూడండి. తర్వాత చెవుల్లో ఇయర్‌ప్లగ్స్ పెట్టుకుని ఇంకో ఐదు కొట్టండి. జిల్లుమనడం సగానికి సగం తగ్గినట్టు అనిపిస్తే మీకు నచ్చనిది శబ్దం, స్పర్శ కాదు. మనం ఫీల్ అనుకునేదాంట్లో పెద్ద వాటా చెవిదే.

ఆ తర్వాత గ్రిప్. మన ఎండలకు రబ్బరు త్వరగా గట్టిపడి, మెరుపెక్కి, జారుతుంది. జారుతుంటే బిగించి పట్టుకుంటాం, బిగిస్తే అదురు నేరుగా మోచేతి దాకా పోతుంది. కొత్త గ్రిప్‌లు వేయించడం ఈ మొత్తం జాబితాలో అతి చౌకైన మరమ్మతు. చివరగా షాఫ్ట్. డైనమిక్ గోల్డ్ ఎస్300 కత్తిరించకముందు సుమారు 130 గ్రాములు. ఎన్ఎస్ ప్రో 950 జీహెచ్ 100 గ్రాముల లోపు. మొదటి తొమ్మిది హోల్స్‌లో బాగుండి, 14వ హోల్ దాటాక బంతులు కుడికి జారుతూ, దెబ్బ గట్టిగా తగులుతుంటే షాఫ్ట్ బరువు మీ ఒంటికి ఎక్కువైందని అర్థం.

పాత సెట్ కంటే 10, 15 యార్డులు తక్కువ పోతోంది

ఇది లోపం కాదు. బ్లేడ్, టూర్ తరహా ఫోర్జ్‌డ్ సెట్లలో 7 ఐరన్ లాఫ్ట్ 34 - 35 డిగ్రీలు. దూరం కోసం చేసిన సెట్లలో 28 - 30. సోల్ (హెడ్ అడుగు) మీద ఒకే అంకె ఉన్నా అవి రెండు వేర్వేరు క్లబ్బులు. అంకెను వదిలేసి లాఫ్ట్‌తో లాఫ్ట్ పోల్చండి. దూరం కోసం ఏకంగా 4 డిగ్రీలు తగ్గించి వంపించుకోవద్దు. లాఫ్ట్ ఎంత తగ్గిస్తే బౌన్స్ (సోల్ వెనక భాగం ముందంచు కన్నా కిందికి దిగే కోణం) అంతే తగ్గుతుంది. 6 డిగ్రీల బౌన్స్ 2కు దిగితే ముందంచు గునపంలా నేలలోకి దిగుతుంది.

7, 8 ఐరన్లు ఒకే దూరం పోతున్నాయి, 9 మాత్రం బాగా వెనకే పడుతోంది

ఫోర్జ్‌డ్ సెట్ అంటే ఇదే అసలు సిసలు జబ్బు.

కారణాలు రెండు. మొదటిది, కొత్త సెట్‌లోనే తేడా ఉండటం. తయారీలో ఒక డిగ్రీ అటూ ఇటూ సహజమే. కానీ 4 డిగ్రీల తేడా ఉండాల్సిన పక్కపక్క క్లబ్బుల్లో ఒకటి ఇటు, ఒకటి అటు జరిగితే ఆ తేడా 2 డిగ్రీలు కావచ్చు, 6 కావచ్చు. రెండోది వాడకం. కాంక్రీటు మీద పరిచిన మ్యాట్‌ల మీద వారానికి వందల బంతులు కొట్టేవాళ్లకు, ఎండకు పగిలేలా గట్టిపడ్డ ఫెయిర్‌వేలో ఆడేవాళ్లకు హోజెల్ (హెడ్‌లో షాఫ్ట్ దూరే గొట్టం) మెడ దగ్గర కోణం మెల్లగా జరుగుతుంది. ఎక్కువ దెబ్బలు తినే క్లబ్ ఎక్కువ జరుగుతుంది. అది సాధారణంగా 7 ఐరనే, ఎందుకంటే అందరూ దానితోనే ప్రాక్టీస్ చేస్తారు.

సరిచేసే క్రమం:

1. లాంచ్ మానిటర్ (బంతి వేగం, దూరం కొలిచే యంత్రం) దగ్గర ప్రతి క్లబ్‌తో ఎనిమిదేసి బంతులు కొట్టండి. చెడు షాట్లు రెండు తీసేసి మిగతావాటి క్యారీ సగటు రాసుకోండి. బంతి దొర్లిన దూరం లెక్కలోకి రాదు.

2. లాఫ్ట్-లై (లై అంటే షాఫ్ట్ నేలతో చేసే కోణం) మెషీన్ మీద సెట్ మొత్తం కొలిపించి, ప్రతి క్లబ్‌కూ రెండు కోణాలూ కాగితం మీద రాయించుకోండి. "సరిగ్గానే ఉంది" అన్న మాట కొలత కాదు.

3. దూరం బాగా కుదిరిన ఒక క్లబ్‌ను స్థిరంగా ఉంచి, మిగతావాటిని దాని చుట్టూ సర్దించండి. ఒక డిగ్రీకి సుమారు 3 - 4 యార్డులు మారుతుంది.

4. లాఫ్ట్ వంచాక లై మళ్లీ కొలవాలి. ఒకటి వంచితే రెండోది కదులుతుంది. ఈ రెండో కొలత ఎగ్గొట్టే వర్క్‌షాప్‌కు మళ్లీ వెళ్లొద్దు.

5. వంచినదాన్ని రెండు వారాలు ఆడి మరోసారి చూపించండి.

ఎంత వంచొచ్చు? ఒకే ముక్కగా ఫోర్జ్ చేసిన కార్బన్ స్టీల్ హెడ్‌ను 2 డిగ్రీలు నిశ్చింతగా, మూడు జాగ్రత్తగా. 17-4 పోత హెడ్ అయితే ఒకటి, మహా అయితే రెండు. బోలు ఐరన్లకు తయారీదారు చెప్పిన హద్దే హద్దు. హోజెల్ మెడ మీద క్రోమ్ ముడతలు పడినట్టు కనిపిస్తే అక్కడితో ఆపించండి. రోజూ రేంజ్‌కు వెళ్లేవాళ్లు ఆరు నెలలకోసారి, మిగతావాళ్లు ఏడాదికోసారి కొలిపిస్తే సరిపోతుంది.

మెషీన్‌లో పెట్టగానే హోజెల్ పుటుక్కున విరిగిందంటే అది నకిలీ అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ. జింక్ మిశ్రమంతో పోసిన నకిలీ హెడ్లు వంగవు, విరుగుతాయి. సెకండ్ హ్యాండ్ సెట్ కొనేముందు ఫ్రిజ్ అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. అంటుకోకపోతే వదిలేయండి. అంటుకుంటే మాత్రం అసలుదని రుజువైనట్టు కాదు. 431, 17-4 స్టెయిన్‌లెస్‌లకూ అయస్కాంతం అంటుకుంటుంది.

స్వింగ్ బాగానే ఉంది, బంతి మాత్రం ఎప్పుడూ ఒకే పక్కకు

లై కోణం చూడాలి. బంతి మీద వైట్‌బోర్డ్ మార్కర్‌తో మందంగా ఒక నిలువు గీత గీసి, ఆ గీత ఫేస్ వైపు ఉండేలా నేల మీద పెట్టి కొట్టండి. గీత ఫేస్ మీద అచ్చు పడుతుంది. అది గ్రూవ్‌లకు నిటారుగా ఉంటే లై సరిపోయింది. గీత పైకొస టో వైపు వాలితే క్లబ్ మీకు మరీ అప్‌రైట్ (షాఫ్ట్ మరీ నిటారు), బంతి ఎడమకు పోతుంది. హీల్ (షాఫ్ట్ వైపు కొస) వైపు వాలితే ఫ్లాట్ (షాఫ్ట్ మరీ వాలు), కుడికి పోతుంది. ఐదుసార్లు చేసి, ఎక్కువసార్లు ఏం వచ్చిందో దాన్ని నమ్మండి. లై బోర్డు కంటే ఈ పద్ధతే మేలు. గట్టి ప్లాస్టిక్ పలక మీద కొట్టేటప్పుడు చాలామంది తెలియకుండానే చేతులు ఎత్తేస్తారు.

డివట్ (క్లబ్ నేలలో తవ్విన గాటు) కూడా చెబుతుంది. టో వైపు లోతుగా తవ్వితే ఫ్లాట్, హీల్ వైపు తవ్వితే అప్‌రైట్. పచ్చిక మీద చూడాలి, మ్యాట్ మీద కాదు. లాఫ్ట్ ఎక్కువున్న కొద్దీ లై తప్పు దిశను ఎక్కువ చెడగొడుతుంది. అందుకే 4 ఐరన్ తిన్నగా పోతూ వెడ్జ్ ఎడమకు లాగుతుంటే స్వింగ్ జోలికి వెళ్లకముందే లై చూడండి. షాఫ్ట్ పొడవు అర అంగుళం మార్పించుకుంటే లై దాదాపు ఒక డిగ్రీ మారినట్టే. పొడవు పెంచితే అప్‌రైట్ వైపు, తగ్గిస్తే ఫ్లాట్ వైపు.

ఎండాకాలం బాగానే జారుతుంది, వానాకాలం తవ్వుతుంది

బౌన్స్ నేలకు కుదరడం లేదు. సన్నని సోల్, తక్కువ బౌన్స్ ఉన్న బ్లేడ్ మే నెలలో గట్టి నేల మీద శుభ్రంగా జారుతుంది. జూలైలో నేల నానాక అదే బ్లేడ్ ఫ్యాట్ షాట్లు (బంతి కంటే ముందు నేలను తవ్వేవి) కొట్టిస్తుంది. లాఫ్ట్ ఒక డిగ్రీ పెంచితే బౌన్సూ ఒక డిగ్రీ పెరుగుతుంది, మూడు నాలుగు యార్డులు పోతాయి. ముందంచును గ్రైండ్ చేయించడం మరో దారి. అయితే క్రోమ్ పోయి ఉక్కు బయటపడుతుంది, ఇక తుప్పు కాపలా మీదే. బరువూ తగ్గుతుంది. హెడ్‌లో 2 గ్రాములు తగ్గితే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువుగా తోస్తుందో చెప్పే కొలత) ఒక పాయింట్ పడిపోతుంది. లెడ్ టేప్‌తో భర్తీ చేయొచ్చు, కానీ రౌండ్ మొదలయ్యే ముందే. మధ్యలో అంటిస్తే నిబంధనల ఉల్లంఘన.

లోపల గలగల, తగిలినప్పుడు టక్ మని శబ్దం, ఫెరూల్ పైకి జరిగింది

మూడూ ఒకేలా కనిపించినా ఒకటి మాత్రమే ప్రమాదం. షాఫ్ట్‌ను తలకిందులు చేసి ఊపితే గలగలమంటే ఎండిన ఎపాక్సీ ముక్క లోపల ఊడిందని అర్థం. గ్రిప్ తీసి ముక్కను దులిపేస్తే పోతుంది. ఫెరూల్ (హోజెల్ పైన షాఫ్ట్‌కు ఉండే ప్లాస్టిక్ కట్టు), హోజెల్ మధ్య సందు కనిపిస్తే హెడ్ జరిగిందా, ఫెరూలే జరిగిందా తేల్చాలి. ఫెరూల్‌ను కాస్త పైకి జరిపి, షాఫ్ట్ మీద హోజెల్ అంచు దగ్గర సన్నని మార్కర్ గీత గీసి పది బంతులు కొట్టండి. గీత హోజెల్‌కు దూరమైతే హెడ్ ఊడుతోంది. దానితో ఇంకొక్క బంతి కూడా కొట్టొద్దు. గీత ఉన్నచోటే ఉంటే ఫెరూల్‌ను కిందికి నెట్టి ఒక చుక్క సూపర్ గ్లూ వేస్తే చాలు.

హెడ్ జరగడానికి పెద్ద కారణం కారు డిక్కీ. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలిపిన కారు డిక్కీలో రోజుల తరబడి బ్యాగ్ ఉంచితే ఎపాక్సీ అలసిపోతుంది. తిరిగి అంటించే పద్ధతి ఇది. స్టీల్ షాఫ్ట్ అయితే హోజెల్‌ను హీట్ గన్‌తో వేడి చేసి, ఎపాక్సీ వదలగానే మెలితిప్పి లాగాలి. గ్రాఫైట్‌ను మెలితిప్పకూడదు, పుల్లర్‌తో నేరుగా లాగాలి, లేకపోతే పోగులు చీలుతాయి. వేడి ఎక్కువైతే క్రోమ్ నీలి పసుపు రంగులోకి మారి అలాగే ఉండిపోతుంది. హోజెల్ లోపల గుండ్రటి వైర్ బ్రష్‌తో పాత జిగురు గోకాలి. స్టీల్ టిప్‌ను (షాఫ్ట్ కింది కొసను) మెరుపు పోయేదాకా ఎమరీ కాగితంతో గరుకు చేయాలి. రెంటినీ అసిటోన్‌తో తుడిచి, రెండు భాగాలు కలిపే ఎపాక్సీ పూసి, 24 గంటలు కదపకుండా ఉంచాలి. టిప్‌లో ఇత్తడి బరువు ఉంటే అదే బరువు తిరిగి పెట్టాలి. ఫోర్జ్‌డ్ సెట్లలో ఎక్కువగా 0.355 అంగుళాల టేపర్ (కొసకు సన్నబడే) టిప్ ఉంటుంది. 0.370 ప్యారలల్ (టిప్ అంతా ఒకే మందం ఉన్న) షాఫ్ట్ తెచ్చి అందులో దూర్చాలని చూస్తే దూరదు. సరిపోతుందని చెప్పి టిప్‌ను అరగదీసే మెకానిక్‌లూ ఉన్నారు. ఒప్పుకోవద్దు.

స్పిన్ తగ్గింది, గ్రీన్ మీద నిలవడం లేదు

తడి గడ్డిలోంచి మాత్రమే అలా అయితే అది ఫ్లయర్. బంతికీ ఫేస్‌కూ మధ్య గడ్డి రసం చేరి స్పిన్ చంపుతుంది. ఒక క్లబ్ తక్కువ (తక్కువ దూరం పోయేది) తీసుకోవడమే మందు. పొడి ఫెయిర్‌వే నుంచీ అదే వరస అయితే గ్రూవ్‌లను నైలాన్ బ్రష్‌తో కడిగి మళ్లీ చూడండి. అప్పటికీ మారకపోతే అరిగాయి. గ్రూవ్ షార్పెనర్లు అమ్ముతారు గానీ, 2010 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం వెడల్పు 0.9 మిల్లీమీటర్లు, లోతు 0.508 మిల్లీమీటర్లు దాటకూడదు, 25 డిగ్రీలు, ఆపై లాఫ్ట్ ఉన్న క్లబ్బుల్లో అంచులు మరీ పదునుగానూ ఉండకూడదు. చేత్తో గీకి ఈ కొలతల్లో ఉంచడం దాదాపు అసాధ్యం. పోటీలు ఆడేవాళ్లు అటు చూడొద్దు.

తుప్పు, సొట్టలు

బ్యాగ్‌లో ఐరన్లు గణగణమని కొట్టుకుంటే సొట్టలు పడతాయి. ట్రాలీ లేదా కార్ట్ వాడేవాళ్లకు మరీ ఎక్కువ. కనిపించడానికే తప్ప ఆటకు నష్టం లేదు. ఫేస్ మీద గ్రూవ్ అంచు పైకి లేచినట్టు గోటికి తగిలితే మాత్రం చూపించాలి.

క్రోమ్ లేచినచోట తుప్పు మొదలవుతుంది. విశాఖ లాంటి సముద్ర తీరాల్లో ఇంకా త్వరగా. ఆట అవగానే పొడి గుడ్డతో తుడిచి, లేచినచోట కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రుద్దండి. తడి హెడ్‌కవర్ తొడిగి ఉంచడం తుప్పును పెంచి పోషించడమే. ఉన్న తుప్పును 0000 నంబరు స్టీల్ ఊల్, నూనెతో మెల్లగా తీయొచ్చు. వెనిగర్‌లో నానబెట్టే చిట్కా క్రోమ్ లేని రా వెడ్జ్‌లకే. క్రోమ్ హెడ్‌కు అది పొర కిందికి పాకి మరింత లేపుతుంది.

ఫేస్ మధ్యలో క్రోమ్ అరిగి గుండ్రటి మచ్చ పడితే దాన్ని అలాగే ఉంచండి. మామూలు ప్లేటింగ్ షాపులో మళ్లీ క్రోమ్ వేయిస్తే గ్రూవ్‌లు కొంత పూడుతాయి, హెడ్ బరువు మారుతుంది, పాత పొర సరిగా తీయకపోతే కొత్తది ఏడాది తిరక్కుండా పొట్టు లేస్తుంది.