ప్రభుత్వ సంస్థలకు సరుకు అమ్మడం, ఐదో పాఠం: ఎల్-1 మీద ఆ 15 శాతం

ఈసారి వెండర్ మీటింగుల గురించి, అంటే కొనే సంస్థలు సరుకు అమ్మేవాళ్లను పిలిచి మాట్లాడే సమావేశాల గురించి చెబుతానన్నాను. అది చివర్లో కాస్త చెబుతాను. నాలుగో పాఠానికి మీరు పంపిన జవాబులు చూశాక, ధర సంగతి తేలకుండా మీటింగుకు వెళ్లి లాభం లేదనిపించింది.

మీరు తయారు చేసే సరుకుకే జెమ్ పోర్టల్‌లో, అంటే ప్రభుత్వ సంస్థలు ఆన్‌లైన్‌లో సరుకు కొనే చోట, ఒక బిడ్ (టెండరు) వెతికి, మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివి, కోట్ చేసినట్టే ఒక ధర రాసి పంపమన్నాను. చాలామంది ఖర్చు లెక్కేశారు, లాభం కలిపారు, ఆ పైన ఇంకో 15 శాతం వేశారు. ఎందుకని అడిగితే ఒక తమ్ముడు, "మన ఎస్సీ యూనిట్లకు ఎల్-1 కన్నా 15 శాతం ఎక్కువిస్తరు కదన్నా" అన్నాడు. ఎల్-1 అంటే టెండరులో అతి తక్కువ ధర వేసినవాడు, ఆ ధరనూ అలాగే అంటారు.

ఇవ్వరు. ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వరు. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరి నోట వస్తుంది, విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఈ పాఠంలో సగానికి పైగా దీనికే.

2012 నాటి కేంద్ర కొనుగోలు విధానం ఏం చెబుతుందంటే: టెండరులో ఎల్-1గా వచ్చినవాడు సూక్ష్మ, చిన్న పరిశ్రమ కాకపోతే, ఎల్-1 మీద 15 శాతం లోపు కోట్ చేసిన చిన్న యూనిట్‌ను పిలుస్తారు. "ఎల్-1 ధరకు దిగి వస్తావా?" అని అడుగుతారు. వస్తానంటే మొత్తం టెండరులో 25 శాతం దాకా ఇస్తారు. అలాంటి యూనిట్లు ఒకటికి మించి ఉంటే ఆ 25 శాతాన్నే పంచుతారు. అంటే 15 శాతం మీకొచ్చే సొమ్ము కాదు. ఆ హద్దు లోపల ఉంటే మిమ్మల్ని లోపలికి పిలుస్తారు, అంతే. డబ్బు మాత్రం ఎల్-1 ధరకే.

ఇంకో మెలిక. ఎల్-1గా వచ్చింది కూడా మీలాంటి చిన్న యూనిట్టే అయితే ఈ పిలుపే ఉండదు. ఆర్డరు వాళ్లదే.

నల్గొండ దగ్గర యూనిఫారాలు కుట్టించే ఒక చెల్లెమ్మ జవాబు తీసుకుందాం. బిడ్ 4,000 జతలకు. ఆమె వేసిన ధర జతకు 1,020 రూపాయలు. ఖర్చు చూస్తే గుడ్డ 430, కుట్టుకూలి 180, గుండీలు, దారం, ప్యాకింగు 50, రవాణా 40, అద్దె, కరెంటు, వడ్డీ 60. కూలి దగ్గర నాకు అనుమానం వచ్చి అడిగాను. తనూ అత్తగారూ కుట్టేవాటికి కూలి వేసుకోలేదట. ఇంటి మనిషి చేసినా కూలి కూలే. రేపు ఆర్డరు పెద్దదై బయటివాళ్లను పెట్టుకుంటే ఇవ్వాల్సిందేగా! సరిచేస్తే కుట్టుకూలి 220, మొత్తం ఖర్చు 800. జీఎస్టీ 5 శాతం అనుకుంటే 840. జెమ్‌లో ధర పన్నుతో కలిపే వేయాలి కాబట్టి 840 ఆమె నేల ధర. దాని కింద ఏం కుట్టినా చేతి నుంచి పోయేదే.

ఇప్పుడు పెద్ద మిల్లు ఒకటి 900 వేసి ఎల్-1గా వచ్చిందనుకోండి. 15 శాతం కలిపితే హద్దు 1,035. చెల్లెమ్మ 1,020 దాని లోపలే ఉంది, పిలుస్తారు. ఒప్పుకుంటే 1,000 జతలు, జతకు 900. పన్ను పోను 857, ఖర్చు పోను చేతికి 57. తాను అనుకున్న 171 ఎక్కడ, ఈ 57 ఎక్కడ! అయినా నష్టం లేదు, తీసుకోవచ్చు.

అదే మిల్లు 860 వేసిందనుకోండి. హద్దు 989. ఆమె 1,020 బయట పడింది, పిలుపు రాదు. 860కి కుట్టినా జతకు 19 రూపాయలు మిగిలేవే. పైన వేసుకున్న ఆ 15 శాతమే చేతికొచ్చిన ఆర్డరును తన్నేసింది. నేను ఇంతసేపు చెప్పేది ఇదే.

మిల్లు 830 వేస్తే? హద్దు 954. ఆమె 950 వేసి ఉంటే పిలుస్తారు, కానీ వద్దనాలి. జతకు తొమ్మిదిన్నర నష్టం, 1,000 జతలకు 9,500. పిలిచారని మొహమాటపడి ఒప్పుకునేవాళ్లున్నారు. పిలుపును కాదంటే తప్పేమీ లేదు.

నా లెక్క ఒకటి చెబుతాను, పుస్తకాల్లో వెతక్కండి. నేల ధరను 1.15తో గుణించండి. చెల్లెమ్మకు 966. మీ కోట్ ఎప్పుడూ దీన్ని దాటకూడదు. దాటితే మీకు గిట్టే ఎల్-1 వచ్చినప్పుడు కూడా హద్దు బయట ఉండే ప్రమాదం ఉంది. 966 వేయమని కాదు సుమా, అది పైకప్పు. పోటీలో మరో చిన్న యూనిట్ ఉందని తెలిస్తే ఇంకా దిగండి, అక్కడ ఈ హద్దు మిమ్మల్ని కాపాడదు.

సరుకును విడదీయడం కుదరని టెండర్లుంటాయి. వాటిలో హద్దు లోపలి చిన్న యూనిట్‌కు మొత్తం ఆర్డరూ ఇవ్వొచ్చు. వినడానికి బాగుంటుంది. అయిదు మిషన్లున్న షెడ్డుకు మొత్తం సరుకు గడువులోపు ఇమ్మంటే ఏమవుతుందో ముందే చూసుకోండి.

మరో విషయం, ఈ ప్రాధాన్యం తయారు చేసేవాళ్లకూ సేవలు అందించేవాళ్లకూ మాత్రమే. కొని అమ్మేవాళ్లకు లేదు. చిన్న పరిశ్రమగా నమోదైనట్టు ఇచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్‌లో ట్రేడింగ్ అని ఉంటే ఇక్కడ అది పనికిరాదు. ఆ నమోదు మీకు బ్యాంకు అప్పుకే ఉపయోగం. ఈఎండీ (టెండరు వేసేటప్పుడు కట్టే డిపాజిట్) మినహాయింపు ఉంది కదా అని పెర్ఫార్మెన్స్ గ్యారంటీ (ఆర్డరు వచ్చాక సరిగ్గా సరఫరా చేస్తామని ఇచ్చే హామీ) కూడా ఉండదనుకోవద్దు, అది కట్టాల్సిందే. ఆ డబ్బు ఎన్ని నెలలు ఇరుక్కుంటుందో అంత వడ్డీ నేల ధరలో వేసుకోండి.

ఇక మాట ఇచ్చిన మీటింగుల సంగతి. కేంద్ర సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం చిన్న యూనిట్ల నుంచి, ఆ 25లోనే 4 శాతం ఎస్సీ, ఎస్టీ యూనిట్ల నుంచి, 3 శాతం మహిళల యూనిట్ల నుంచి కొనాలని లక్ష్యం. ఇది సంస్థ ఏడాది మొత్తం కొనుగోళ్ల మీద లెక్క, ఏదో ఒక టెండరులో మీకు రావాల్సిన హక్కు కాదు. ఎస్సీ, ఎస్టీ యూనిట్లు రాకపోతే ఆ వాటా మిగతా చిన్న యూనిట్లకు వెళ్తుంది. ముస్లిం పాఠకులు కొందరు 4 శాతంలో మేమూ ఉన్నామా అని అడిగారు. లేరు. 25లో మాత్రం అందరితో పాటు మీరూ ఉన్నారు. ఈ విధానం కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ సంస్థల వరకే. రాష్ట్ర శాఖల దగ్గరికి ఈ కాగితం పట్టుకెళ్లి వాదించకండి.

మీటింగుకు వెళ్లే ముందు నేను చూసేది సంబంధ్ పోర్టల్, ఈ కొనుగోళ్ల లెక్కలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్. ఏ కేంద్ర సంస్థ ఎస్సీ, ఎస్టీల నుంచి ఎంత కొన్నదో అందులో ఉంటుంది. 4 శాతానికి బాగా వెనకబడిన సంస్థ కనబడితే ముందు దాని మెటీరియల్స్ (కొనుగోళ్ల) విభాగానికి వెళ్తాను. లక్ష్యం చేరనివాళ్లకు మీ అవసరం ఉంది, చేరినవాళ్ల దగ్గర విజిటింగ్ కార్డు ఇచ్చి టీ తాగి రావడమే. వెండర్ మీటింగు తేదీలు హైదరాబాద్‌లోని జాతీయ ఎస్సీ-ఎస్టీ హబ్ ఆఫీసులో అడిగితే చెబుతారు. డిక్కీ (దళిత పారిశ్రామికవేత్తల సంఘం) సమావేశాలకు కూడా వెళ్లండి, కానీ శాలువాల కార్యక్రమం అయ్యేదాకా కూర్చోనక్కర్లేదు. పక్క కుర్చీలో ఎవరు ఏ సంస్థకు ఏం పంపుతున్నారో కనుక్కోండి. నాకు పనికొచ్చిన కబుర్లన్నీ అక్కడివే.

అభ్యాసం ఈసారి కాస్త కష్టమే. పోయినసారి బిడ్‌నే మళ్లీ తీయండి. ఇంటివాళ్ల కూలి, గ్యారంటీ వడ్డీ, పన్ను అన్నీ వేసి నేల ధర తేల్చండి. పైకప్పు లెక్కించండి. ఆ తర్వాత ఎల్-1 నేల ధరకు పది శాతం పైన వస్తే, సరిగ్గా నేల ధరకే వస్తే, అయిదు శాతం కింద వస్తే మీరేం చేస్తారో, చేతికి ఎంత వస్తుందో మూడు లెక్కలూ రాయండి. సంబంధ్‌లో 4 శాతం చేరని సంస్థను ఒకదాన్ని పట్టుకుని, మీ సరుకు వాళ్లు ఎక్కడ వాడతారో ఒక్క వాక్యంలో రాయండి. "అన్ని చోట్లా వాడతారు" అని రాస్తే తిప్పి పంపుతాను.

వచ్చే పాఠం బిల్లు పెట్టాక డబ్బు రాకపోతే ఏం చేయాలన్నది. చట్టం ప్రకారం 45 రోజులు దాటకూడదు. అది చదివే ముందు మీ పాత బిల్లుల మీద సరుకు అందిన తేదీ, సంతకం ఉన్నాయో లేదో వెతికి పక్కన పెట్టుకోండి.