కారు క్లెయిమ్‌లో డబ్బు కోశారా? సొంత సర్వేయర్‌ను పెట్టుకుని తేల్చుకోవడం ఎలా?

మా చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరి కారుకు దెబ్బ తగిలినా ఫోన్ నాకే వస్తుంది. కాకపోతే ఆ ఫోన్ వచ్చేసరికి కారు బాగైపోయి, పాత సామాన్లు తుక్కులోకి వెళ్లిపోయి ఉంటాయి, అప్పుడు "సర్వేయర్ తక్కువ రాశాడు, ఏం చేయమంటావ్?" అని అడుగుతారు. సర్వేయర్ అంటే దెబ్బ చూసి ఇన్సూరెన్స్ కంపెనీ ఎంత ఇవ్వాలో లెక్క రాసే మనిషి. అప్పటికి చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఇది ముందే చదివి పెట్టుకోండి.

మొదట కంపెనీ సర్వేయర్ రిపోర్టు కాపీ ఇమ్మని మెయిల్‌లో అడగండి. ఫోన్‌లో అడగొద్దు, ఫోన్ మాటకు రుజువు ఉండదు. పాలసీ, షెడ్డు ఎస్టిమేట్, ఆర్‌సీ, ప్రమాదం రోజు తీసిన ఫొటోలు, ఇవన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. ఇందులో కష్టమేమీ లేదు.

తర్వాత కోత ఎక్కడ పడిందో చూడండి. సగం గొడవలు ఇక్కడే తేలిపోతాయి. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు సామాన్లకు, టైర్లకు, బ్యాటరీకి 50 శాతం తరుగు, అంటే వాడి పాతబడినందుకు కోత, తీస్తారు. ఇనుప భాగాలకు కారు వయసును బట్టి తీస్తారు, నాలుగేళ్లు దాటి ఐదేళ్లలోపు ఉంటే 35 శాతం. గ్లాసుకు తరుగు లేదు. అంటే నాలుగున్నరేళ్ల కారుకు 8,000 బంపర్ వేస్తే 4,000, 10,000 ఫెండర్ వేస్తే 6,500 వస్తుంది, అందులోంచి 1500 సీసీ లోపు కారైతే ఇంకో 1,000 తప్పనిసరిగా తగ్గిస్తారు. ఈ లెక్క మీద ఏ సర్వేయర్ వచ్చినా చేసేదేమీ లేదు. జీరో డిప్రిసియేషన్ పాలసీ (తరుగు తీయకుండా ఇచ్చేది) ఉండి కూడా ఈ తరుగు తీస్తే మాత్రం పాలసీ కాగితం చూపించి అడగండి చాలు, దానికోసం ఎవరికీ ఫీజు కట్టక్కర్లేదు.

సొంత సర్వేయర్ అవసరమయ్యేది వేరే చోట. ఒక భాగాన్ని రిపేరు చేస్తే చాలా, మార్చాలా? లోపలి దెబ్బ ఈ ప్రమాదంలోదేనా, పాతదా? రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో రాసిన కారు విలువలో) 75 శాతం దాటి టోటల్ లాస్ కిందికి, అంటే కారు మొత్తం పోయినట్టు లెక్కలోకి, వస్తుందా? 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకు విజయవాడ సింగ్ నగర్ వైపు మునిగిన కార్లను గుర్తు తెచ్చుకోండి. నీళ్లలో స్టార్ట్ చేస్తే సిలిండర్‌లోకి నీరు వెళ్లి ఇంజన్ పోతుంది, ఇంజన్ ప్రొటెక్షన్ కవర్ లేకపోతే ఆ నష్టాన్ని కంపెనీలు మామూలుగా ఒప్పుకోవు. స్టార్ట్ చేశారా లేదా అన్నది ఇంజన్ విప్పి చూసినవాడే చెప్పగలడు.

సర్వేయర్‌కు ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ) లైసెన్సు ఉండాలి, అందులో మోటార్ విభాగం ఉండాలి, గడువు తీరిపోకూడదు. షెడ్డువాళ్లు చెప్పిన మనిషిని పెట్టుకోవద్దు. వచ్చే డబ్బులో శాతం అడిగేవాడిని అసలే వద్దు, అలాంటి రిపోర్టుకు విలువుండదు. ఫీజు ముందే మాట్లాడుకోండి. "నేను చూసుకుంటాలే సార్" అనే ఏజెంట్ల మాట వినకండి, వాళ్లు ఎవరితోనో మాట్లాడతారు, రాతలో ఏమీ మిగలదు.

ఇక అసలు సంగతి. విప్పిన తర్వాత, బిగించే ముందు మీ సర్వేయర్ కారు చూడాలి. విప్పకముందు చూస్తే లోపలి దెబ్బ కనపడదు, బిగించాక చూస్తే దెబ్బే ఉండదు. మా బావమరిది కారు కాజా టోల్‌గేట్ దగ్గర లారీని వెనకనుంచి గుద్దింది. బంపర్ వెనక ఎడమవైపు ఆప్రాన్ (చక్రం పైన లోపలివైపు ఉండే రేకు) వంగింది, కంపెనీ సర్వేయర్ దాన్ని రిపేరు అని రాశాడు, షెడ్డువాళ్లు మార్చాల్సిందే అన్నారు. వాదన నడుస్తుండగానే ఆటోనగర్‌లోని ఆ షెడ్డులో కొత్తది వేసేశారు, పాతది బయట పడేశారు. మేం తీసుకెళ్లిన సర్వేయర్‌కు చూడటానికి ఏమీ లేదు, ఆ తేడా అంతా మేమే కట్టుకున్నాం. వస్తువు లేకుండా మాట నిలబడదని నాకు అప్పుడు తెలిసింది.

అందుకని కారు విప్పుతున్న రోజే షెడ్డు యజమానికి రాసి ఇవ్వండి, నా సంతకం లేకుండా పని మొదలుపెట్టొద్దు, పాత సామాన్లు బయటికి పంపొద్దు అని. షెడ్డులో చోటు లేదంటారు, రోజుకు ఇంత అని అద్దె అడుగుతారు, ఆ అద్దె కట్టండి. అదే రోజు కంపెనీకి మెయిల్ పెట్టండి, ఫలానా తేదీన నా సర్వేయర్ వస్తున్నాడు, మీ సర్వేయర్ని కూడా పంపండి అని. ఇద్దరూ ఒకేచోట నిలబడి ఒకే వంకర చూస్తే చాలా తేడాలు అక్కడికక్కడే సర్దుకుంటాయి. వాళ్లు రాకపోతే, పిలిచినా రాలేదన్న రుజువు మీ దగ్గర ఉంటుంది. ఫొటోలు ఉదయం వెలుతురులో తీయాలి, ట్యూబులైటు కింద కాదు. పక్కన స్కేలు పెట్టాలి, నంబరు ప్లేటు కనపడే ఫొటో ఒకటి ఉండాలి. ఇది నేను ఎవరికీ సడలించను.

ఈలోగా కంపెనీ డిశ్చార్జ్ వోచర్ (డబ్బు అందిందని సంతకం పెట్టే కాగితం) పంపుతుంది. పూర్తి పరిష్కారంగా అందింది అని ఉంటే చూడకుండా సంతకం పెట్టొద్దు. డబ్బు అర్జెంటైతే తీసుకోండి, కానీ అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాసి, కాపీ ఉంచుకోండి.

మీ రిపోర్టు వచ్చాక రెండు రిపోర్టుల్లో తేడా ఉన్న వరసలు మాత్రమే రాసి కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికి పంపండి. తిట్లు వద్దు, కథలు వద్దు. సర్వేయర్ రిపోర్టే తుది మాట కాదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది, ఆ సంగతి ఒక వాక్యంలో రాయండి.

నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లండి, మన ఆంధ్రప్రదేశ్ కూడా ఆ ఆఫీసు కిందే ఉంది. ఫీజు లేదు, లాయర్ను పెట్టుకునే వీలు లేదు, కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. చాలామంది నేరుగా విజయవాడ లేదా గుంటూరు వినియోగదారుల కమిషన్‌కు పోతారు. కేసు అక్కడ వేశాక అంబుడ్స్‌మన్ తీసుకోరు, కాబట్టి ముందు అంబుడ్స్‌మనే. అక్కడ తేలకపోతే కమిషన్‌కు వెళ్లొచ్చు, దానికి రెండేళ్ల గడువు ఉంది. పాత సామాన్లు మాత్రం అప్పటిదాకా పారేయకండి.