గోమార్ల జ్వరానికి పీసీఆర్: రక్తం ఎలా తీయాలి, రిపోర్ట్ ఎలా చూడాలి

గోమార్లు (పిడుదులు) పట్టిన జెర్సీ ఆవుకి జ్వరం 105 దాకా ఎక్కి, పాలు ఒక్కసారిగా పడిపోయి, కంటిరెప్ప లాగి చూస్తే లోపల పాలిపోయో పచ్చబడో కనిపిస్తే చాలామందికి ముందు థైలీరియానే గుర్తొస్తుంది, కానీ అనాప్లాస్మా కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. గోమార్లతో వచ్చే వాటిలో థైలీరియా, బెబీసియా రెండూ ప్రోటోజోవాలు (ఏకకణ పరాన్నజీవులు), అనాప్లాస్మా మార్జినేల్ మాత్రం బ్యాక్టీరియా. థైలీరియాకి వేసే బుపార్వాక్వోన్ దీనిమీద పనిచేయదు, ఆక్సీటెట్రాసైక్లిన్ కావాలి. మూత్రం ఎర్రగా వస్తే బెబీసియా అనుకోవచ్చు, గ్రంథులు బాగా వాస్తే థైలీరియా అనుకోవచ్చు, కానీ ఒకే ఆవులో రెండు మూడు కలిసి కూడా ఉంటాయి, అందుకే పీసీఆర్ అనే జీన్ టెస్ట్, అంటే రక్తంలో ఉన్న సూక్ష్మజీవి డీఎన్ఏని లెక్కలేనన్ని కాపీలు చేసి గుర్తుపట్టే పరీక్ష.

అన్నిటికంటే ముఖ్యం, రక్తం ఇంజెక్షన్‌కి ముందే తీయాలి. టెట్రాసైక్లిన్ పడ్డాక రక్తంలో సూక్ష్మజీవులు తగ్గిపోతాయి, అప్పుడు నెగటివ్ వచ్చినా నమ్మలేం. అలాగని రిపోర్ట్ కోసం వైద్యం ఆపొద్దు, రక్తం తీసిన వెంటనే డాక్టర్ గారు మందు మొదలుపెట్టొచ్చు.

మెడ దగ్గర జుగులార్ సిర నుంచి 3 నుంచి 5 ఎంఎల్ తీసి ఊదా మూత ఉన్న ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) ట్యూబ్‌లో పోయండి, ఆకుపచ్చ మూతది వద్దు, అందులో ఉండే హెపారిన్ పీసీఆర్‌ని అడ్డుకుంటుంది. ట్యూబ్‌ని గట్టిగా ఊపకుండా మెల్లగా ఏడెనిమిది సార్లు తలకిందులు చేయండి. చెవి ట్యాగ్ నంబర్ పెన్నుతో రాస్తే ఐస్ నీళ్ళకి చెరిగిపోతుంది, ట్యూబ్‌కి ప్లాస్టర్ ముక్క చుట్టి దానిమీద పెన్సిల్‌తో రాయండి. ట్యూబ్ ఐస్‌కి నేరుగా తగలకుండా పేపర్ చుట్టి పెట్టండి, రక్తం మంచులా గడ్డకడితే డీఎన్ఏ పరవాలేదు గానీ రక్తకణాలు పగిలి మళ్ళీ స్మియర్ (గాజు పలకమీద పలచగా పరిచిన రక్తం) వేయడానికి పనికిరాదు. చెవి కొస నుంచి ఒక స్మియర్ కూడా అక్కడే తీసి ఆరబెట్టండి, జీమ్సా రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే అనాప్లాస్మా ఎర్రకణం అంచున నల్లటి చుక్కలా కనపడొచ్చు.

ల్యాబ్‌లో డీఎన్ఏ తీసి అనాప్లాస్మాలో ఉండే ఎమ్ఎస్పీ5 జీన్‌కి పీసీఆర్ పెడతారు, సుమారు 35 సైకిళ్ళు, తర్వాత అగరోజ్ జెల్ మీద పాజిటివ్ కంట్రోల్ (అనాప్లాస్మా ఉందని ముందే తెలిసిన నమూనా) పక్కనే అదే ఎత్తులో బ్యాండ్ రావాలి. నీళ్ళు మాత్రమే వేసిన గడిలో కూడా బ్యాండ్ వచ్చిందంటే ఎక్కడో కలుషితం అయినట్టే, ఆ బ్యాచ్ మొత్తం మళ్ళీ చేయాల్సిందే. ఏ జాతో కచ్చితంగా తేల్చాలంటే బ్యాండ్‌ని సీక్వెన్సింగ్‌కి (డీఎన్ఏ అక్షరాలు చదవడానికి) పంపి, వచ్చినదాన్ని జెన్‌బ్యాంక్ అనే డీఎన్ఏ డేటాబేస్‌లో బ్లాస్ట్ చేయాలి, అంటే పోల్చి చూడాలి. 16ఎస్ జీన్ ఒక్కటే చూసి మార్జినేల్ అని రాసేయకూడదు, అనాప్లాస్మాలోనే వేరే జాతులైన సెంట్రేల్, ఓవిస్ కూడా ఆ జీన్‌లో దాదాపు ఒకేలా ఉంటాయి, ఎమ్ఎస్పీ4 గానీ గ్రోఈఎల్ గానీ అనే జీన్‌లు చూడాలి.

ఇక రిపోర్ట్. పీసీఆర్ పాజిటివ్ అంటే ఇప్పటి జ్వరం దానివల్లే అని కాదు. ఒకసారి కోలుకున్న ఆవు ఏళ్ళ తరబడి క్యారియర్‌గా ఉండిపోతుంది, స్మియర్‌లో కనపడదు, పీసీఆర్‌కి చాలాసార్లు దొరుకుతుంది. కాబట్టి స్మియర్, రక్తహీనత, జ్వరం అన్నీ కలిపి చూడాలి. కొత్తగా కొనే ఆవుకైతే ఇదే టెస్ట్ చాలా ఉపయోగం, ఆరోగ్యంగా కనపడుతున్నా పాజిటివ్ వస్తే గోమార్ల మందు కొట్టించండి, మందలో ఏ పశువుకి సూది వేసినా ఒక్కోదానికి కొత్త సూదే వాడమని గట్టిగా అడగండి, ఎందుకంటే అనాప్లాస్మా గోమార్లతోనే కాదు రక్తం అంటిన సూదితో కూడా పాకుతుంది.