పొర ప్రోటాన్ వాహకతను కొలవడం: మందం, తేమ దగ్గర జాగ్రత్తలు

ఇంధన ఘటం (హైడ్రోజన్ వంటి ఇంధనంతో కరెంటు పుట్టించే సాధనం) కోసం కొత్త స్ఫటికీయ పాలిమర్‌తో పొర చేసినవారు దాని ప్రోటాన్ వాహకత, అంటే ప్రోటాన్లను ఎంత తేలిగ్గా పోనిస్తుందో, వెంటనే తేల్చుకోవాలనుకుంటారు. నా మాట వింటే, ముందుగా నాఫియాన్ 117 అనే, బజారులో దొరికే ప్రామాణిక ప్రోటాన్ వాహక పొర ముక్కనొకదాన్ని కొలవండి. దానికి రావలసిన విలువ రానంతవరకు మీ పొర విలువను నమ్మడానికి వీల్లేదు.

ఆ ముక్కను 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడులో, తర్వాత డీఅయనైజ్డ్ నీటిలో, ఆపైన 0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, చివరకు మళ్లీ నీటిలో, ఒక్కోదానిలో గంటసేపు ఉంచాలి. పెరాక్సైడు సేంద్రియ మలినాలను వదలగొడుతుంది. ఆమ్లం లోహ అయాన్లను సాగనంపి, పొరలో ప్రోటాన్లను మోసే సల్ఫోనిక్ సమూహాలకు ప్రోటాన్లను చేరుస్తుంది. మా చెన్నై బోరు నీళ్లతో కడిగితే వాటిలోని కాల్షియం ఆ పనంతా చెడగొడుతుంది.

ఎక్కువమంది పొరబడేది మందం దగ్గర. పొడిగా 183 మైక్రాన్లుండే ఈ పొర నీటిలో నానితే సుమారు 200 మైక్రాన్లవుతుంది. నాలుగు ప్రోబుల అమరికలో (బయటి రెండు తీగలు కరెంటు పంపితే లోపలి రెండు వోల్టేజీ కొలుస్తాయి) లోపలి తీగల మధ్య దూరం 1 సెంటీమీటరు, పొర వెడల్పు 1 సెంటీమీటరు, ఇంపిడెన్స్ (ఏసీ కరెంటుకు ఎదురయ్యే అడ్డు) గ్రాఫులో తేలిన నిరోధం 500 ఓములు అనుకుందాం. దూరాన్ని నిరోధం, వెడల్పు, మందాల లబ్ధంతో భాగిస్తే వాహకత సెంటీమీటరుకు 0.1 సీమెన్స్ (వాహకానికి కొలమానం, ఓముకు విలోమం) వస్తుంది. తడి నాఫియాన్‌కు రావలసింది దాదాపు అంతే. పొడి మందం వేస్తే అదే 0.109 అయి కూర్చుంటుంది. మొదటి ఏడాది నేను సగం నోటుబుక్కును ఇలాంటి అంకెలతోనే నింపాను.

ఇక తేమ. పొర వాహకత దానిలోని నీటి మీద ఆధారపడుతుంది. చెన్నైలో ఏసీ వేస్తే గది గాలి పొడిబారుతుంది, ఆపితే సముద్రపు ఉక్క లోపలికొస్తుంది. అందుచేత పొరను సంతృప్త లవణ ద్రావణం ఉన్న మూసిన పెట్టెలో పెట్టి, నిరోధం కదలకుండా నిలిచాకే కొలవాలి. 25 డిగ్రీల దగ్గర మెగ్నీషియం క్లోరైడు 33, మామూలు ఉప్పు 75, పొటాషియం సల్ఫేటు 97 శాతం సాపేక్ష తేమనిస్తాయి. అడుగున కరగని ఉప్పు కనిపిస్తూ ఉండాలి.

స్ఫటికీయ పొరలో నీటి దారులు ఒకే దిశకు తిరిగి ఉండవచ్చు. నాలుగు ప్రోబులు పొర వెంబడి ఉన్న వాహకతనే చెబుతాయి, ఘటంలో ప్రోటాను పొర మందం గుండా ఈ ముఖం నుంచి ఆ ముఖానికి దాటాలి; కాబట్టి రెండు ఎలక్ట్రోడ్ల మధ్య బిగించి ఆ దిశలోనూ కొలవాలి. పొరకు బదులు పాలిమర్ చూర్ణాన్ని బిళ్లగా నొక్కి కొలిస్తే రేణువుల సరిహద్దుల నిరోధమూ అందులో కలిసిపోతుంది. కొలత ముగిశాక ఎక్స్‌రే వివర్తనం (స్ఫటికంలో అణువుల అమరికను చూపే పరీక్ష) మళ్లీ తీసి, స్ఫటిక నిర్మాణం నీటికి తట్టుకుని నిలిచిందో లేదో చూడండి.