ఇంట్లోనే ఉన్నా ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అంటున్నారా?

పార్సెల్ రాకపోతే మనలో చాలామంది ముందు చేసే పని కస్టమర్ కేర్‌కి ఫోన్ కొట్టి అరవడం. అంతకంటే ముందు ట్రాకింగ్‌లో ఏ కారణం రాశారో చూడండి. ‘అందుబాటులో లేరు’ అన్నదానికి, ‘చిరునామా దొరకలేదు’ అన్నదానికి, ‘తీసుకోనన్నారు’ అన్నదానికి చేయాల్సిన పనులు వేర్వేరు.

సమస్య: రోజంతా ఇంట్లోనే ఉన్నాం, అయినా ‘కస్టమర్ అందుబాటులో లేరు’

ముందు కాల్ లిస్ట్ తీయండి. స్పామ్, బ్లాక్డ్ లిస్టులు కూడా చూడండి. చాలా కంపెనీల డెలివరీ కాల్స్ రైడర్ సొంత నంబరు నుంచి కాకుండా కంపెనీ నంబరు మీదుగా వస్తాయి. తెలియని నంబర్లను సైలెంట్‌లో పెట్టే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆ కాల్ మోగదు. తమ్ముడి అకౌంట్‌లో ఆర్డర్ పెడితే కాల్ తమ్ముడికే వెళ్తుంది, వాడు మీటింగ్‌లో ఉంటాడు.

ఇవేవీ కాదు, అసలు కాలే రాలేదంటే రైడర్ మీ వీధికి రాలేదని అనుకోవచ్చు. చీకటి పడేసరికి బ్యాగులో మిగిలిన ప్రతి పార్సెల్‌కీ యాప్‌లో ఏదో ఒక కారణం నొక్కాలి. అన్నిటికన్నా సులువైనది ‘అందుబాటులో లేరు’. పార్సెల్‌కి ఇంత అని డబ్బులొచ్చే మనిషి మీద అరిచి లాభం లేదు. అలాగని ఊరుకోనూ వద్దు.

ఆ సాయంత్రమే కాల్ లిస్ట్ స్క్రీన్‌షాట్ జతచేసి, ‘ఫేక్ అటెంప్ట్’ అని యాప్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. మామూలుగా రెండు మూడు ప్రయత్నాల తర్వాత పార్సెల్ వెనక్కి వెళ్లిపోతుంది కాబట్టి నాన్చకండి. క్యాష్ ఆన్ డెలివరీకి ‘తీసుకోనన్నారు’ అని పెట్టినా చేయాల్సింది ఇదే, కానీ ఇంకా త్వరగా. కస్టమరే వద్దన్నాడనుకుంటే మళ్లీ ప్రయత్నించకుండానే వెనక్కి పంపేస్తారు.

హబ్‌కి, అంటే మీ ఏరియా పార్సెళ్లు ఉంచే కొరియర్ ఆఫీసుకి, వెళ్లి తెచ్చుకుంటానని అడగొచ్చు. పొద్దున్నే, రైడర్లు బ్యాగులు సర్దుకునే వేళకి వెళ్లండి. పదకొండింటికి వెళ్తే పార్సెల్ మళ్లీ మీ వీధి వైపే బయల్దేరి ఉంటుంది.

సమస్య: ‘చిరునామా దొరకలేదు’

ఇందులో తప్పు తరచుగా మన వైపే ఉంటుంది. హైదరాబాద్ డోర్ నంబర్లు తెలిసినవే: గీతలు, స్లాషులు, చివర ఒక అక్షరం. కరెంటు బిల్లుకి, ఆస్తి పన్నుకి అది సరిపోతుంది. వీధిలో ఇల్లు వెతికేవాడికి మాత్రం పనికిరాదు. పక్క నంబరు పక్క ఇంటికే ఉండాలని లేదు. రైడర్ వెతికేది గేటు మీద రాసిన ప్లాట్ నంబరు, అపార్ట్‌మెంట్ పేరు, రోడ్డు నంబరు.

అందుకే ఫ్లాట్ నంబరు, అంతస్తు, బిల్డింగ్ పేరు, రోడ్డు నంబరు, కాలనీ ముందు రాయండి. డోర్ నంబరు చివర ఉన్నా చాలు. ‘ఆంజనేయస్వామి గుడి దగ్గర’ అంటే కాలనీలో ఏ గుడి? ‘వాటర్ ట్యాంక్ ఎదురు సందు, ఎడమవైపు మూడో ఇల్లు, నీలం గేటు’ అనండి.

తర్వాత మ్యాప్ పిన్. ఆఫీసులో కూర్చుని అడ్రస్ సేవ్ చేస్తే పిన్ ఆఫీసు మీదే పడి ఉండొచ్చు. చాలామంది రైడర్లు అక్షరాలకన్నా ముందు పిన్‌నే నమ్ముతారు. మ్యాప్‌ని పెద్దది చేసి, పిన్‌ని మీ గేటు మీదకి జరపండి.

ఊళ్లలో ఇబ్బంది వేరు. ఆరంకెల పిన్‌కోడ్ ఒక్కటే చాలా గ్రామాలకు ఉంటుంది, ఒకే పేరుతో ఊళ్లూ ఉంటాయి. మండలం పేరు తప్పకుండా రాయాలి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి. సేవ్ చేసిన పాత అడ్రస్‌లో పాత జిల్లానే ఉందేమో చూడండి. ప్రైవేటు కొరియర్ మండల కేంద్రంలోనే ఆగి ‘వచ్చి తీసుకెళ్లండి’ అంటుంటే, అక్కడ తెలిసినవాళ్ల షాపు అడ్రస్ పెట్టడమో, పోస్టులో పంపమని అమ్మేవాళ్లని అడగడమో మేలు.

సమస్య: గేటు దాటి లోపలికి రాలేదు

అపార్ట్‌మెంట్ యాప్‌లో అనుమతి అడిగిన నోటిఫికేషన్ మీరు చూడలేదు, సెక్యూరిటీ పంపలేదు. డెలివరీ ఉన్న రోజు ముందే అప్రూవ్ చేసి పెట్టండి, లేదా వాచ్‌మన్‌కి ఒక మాట చెప్పండి.

సమస్య: ‘డెలివరీ అయ్యింది’ అని ఉంది, చేతికి రాలేదు

వాచ్‌మన్, ఎదురింటివాళ్లు, ఇంట్లోవాళ్లు, ఈ ముగ్గురినీ అడిగాక డెలివరీ రుజువు అడగండి: ఫొటో, సంతకం లేదా ఓటీపీ. పార్సెల్ కళ్లబడకముందే ఎవరికో ఫోన్‌లో ఓటీపీ చెప్పి ఉంటే కేసు కష్టమవుతుంది.

కొరియర్‌తో కాదు, మీరు డబ్బు కట్టిన యాప్‌తో తేల్చుకోండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ నిబంధన పేరు మెయిల్‌లో రాస్తే జవాబు కాస్త మర్యాదగా వస్తుంది. అప్పటికీ కదలకపోతే 1915, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్: కొన్న విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు.

సమస్య: స్పీడ్ పోస్ట్ వచ్చి వెళ్లిపోయింది

2025లో రిజిస్టర్డ్ పోస్ట్ కూడా స్పీడ్ పోస్ట్‌లోనే కలిసింది, కాబట్టి పోస్టులో వచ్చే ముఖ్యమైన కాగితాలు చాలావరకు ఇందులోనే వస్తాయి. ట్రాకింగ్ నంబరు, గుర్తింపు కార్డు పట్టుకుని మీ డెలివరీ పోస్టాఫీసుకు వెళ్లండి. కొద్ది రోజులే ఉంచుతారు. పాస్‌పోర్ట్ అయితే మరీ ఆలస్యం వద్దు, అది తిరిగి పాస్‌పోర్ట్ ఆఫీసుకే పోతుంది.

సమస్య: ‘మీ పార్సెల్ ఆగిపోయింది, అడ్రస్ అప్‌డేట్ చేయండి’ అని లింక్

ఇది డెలివరీ సమస్య కాదు, మోసం. నొక్కకండి. ట్రాకింగ్ ఆర్డర్ పెట్టిన యాప్‌లోనే చూడండి. ‘రైడర్‌తో మాట్లాడాలంటే ఈ కోడ్ డయల్ చేయండి’ అని *401* లేదా *21*తో మొదలయ్యే నంబరు చెప్పినా చేయకండి; మీ కాల్స్, వాటితో పాటు ఫోన్‌లో చెప్పే ఓటీపీలూ వాళ్లకి మళ్లిపోతాయి. ఇప్పటికే చేసి ఉంటే ##002# డయల్ చేసి రద్దు చేయండి, కాల్ ఫార్వర్డింగ్ సెట్టింగ్ కూడా ఒకసారి చూడండి. డబ్బు పోయి ఉంటే బ్యాంకుకి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఆ నిమిషమే ఫోన్ చేయండి.