నొప్పి మాత్ర అట్టను వెనక్కి తిప్పి చదవండి

రెండు మూడు మందులు కలిపి చేసిన నొప్పి మాత్రలను కొనేటప్పుడు, అట్ట మీద పెద్ద అక్షరాలతో ఉన్న పేరును కాక, వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉండే మందుల పేర్లనూ వాటి పక్కనున్న మిల్లీగ్రాములనూ తప్పక చదవండి. తలనొప్పి మాత్రలోనూ, జలుబు మాత్రలోనూ పారాసెటమాల్ ఉండడం చాలా మామూలు కనుక, పేర్లు వేరైతే మందులూ వేరనుకుని రెండూ మింగేవారు తెలియకుండానే రెట్టింపు మోతాదు తీసుకుంటారు. ఆరోగ్యవంతులైన పెద్దలకు సైతం అన్ని మాత్రల్లోని పారాసెటమాల్ కలిపి 24 గంటల్లో 4,000 మిల్లీగ్రాములు దాటకూడదు; మాత్రకు 650 చొప్పున ఉంటే ఆరు మాత్రలకే లెక్క 3,900కు చేరుతుంది. బరువు తక్కువగా ఉన్నవారికి, కాలేయ జబ్బు ఉన్నవారికి, మద్యం ఎక్కువగా తాగేవారికి అంత మోతాదు కూడా ప్రమాదకరం కావచ్చు.

అన్నిటికన్నా భయపడవలసిన విషయం ఏమిటంటే, పారాసెటమాల్ మోతాదు మించినా మొదటి రోజు ఏ బాధా తెలియకపోవచ్చు, ఆ లోపల కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. అందుకే ఎక్కువ వేసుకున్నట్టు తెలిసిన వెంటనే, ఒంట్లో బాగానే ఉన్నా సరే, ఆసుపత్రికి వెళ్లాలి.

ఐబుప్రొఫెన్ అనే మరో నొప్పి మందు కలిసిన మాత్రలను కడుపులో పుండ్లు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, గర్భిణులు వైద్యులను అడగకుండా వేసుకోకూడదు. తలనొప్పికి ఇలాంటి మిశ్రమ మాత్రలను నెలలో పది రోజులు, అంతకు మించి, నెలల తరబడి వాడితే ఆ మాత్రల వల్లే తలనొప్పి మొదలుకావచ్చు.

నొప్పిలో, నిద్రమత్తులో లెక్క తప్పడం సహజం కాబట్టి, మాత్ర వేసుకున్న ప్రతిసారీ ఆ సమయాన్ని అట్ట మీదే పెన్నుతో రాసి పెట్టుకోండి.